బండి వాటా

భావనపాడులో మత్స్యకారుల ఇంట పుట్టి సముద్రం పడని మగవాడు ఒక్కడే ఉన్నాడు. వాడి పేరు లక్ష్ముడు. పడకపోవడమంటే భయమూ కాదు, ఈత రాకా కాదు. ఒడ్డున ఉన్నంతసేపూ అందరిలాగే ఉంటాడు. బోటెక్కి నాలుగు కెరటాలు దాటేసరికి మాత్రం కడుపులో ఉన్నదంతా బయటికొచ్చేస్తుంది. తండ్రి అల్లం నమిలించాడు, నిమ్మకాయ చేతికిచ్చి వాసన చూడమన్నాడు, గంగమ్మకి కోడిని మొక్కుకున్నాడు. ఏదీ పనిచేయలేదు. ఒకసారి వీడు కళ్లు తేలేస్తే, వల వేయకుండానే బోటు వెనక్కి తిప్పుకోవాల్సి వచ్చింది. ఆ పూట ఆ బోటు మీద వెళ్లినవాళ్ల ఇళ్లన్నిటిలోనూ ఆడవాళ్లు వీడిని తిట్టుకుంటూనే పొయ్యి రాజేశారు. ఆ తర్వాత వాడిని ఏ బోటూ ఎక్కించుకోలేదు.

ఎక్కించుకోకపోతే ఏమయింది, భూమ్మీద బతకడానికి వేరే దారే లేదా అని మీరు అడగవచ్చు. ఉంది. కానీ ఆ ఊళ్లో మనిషిని మనిషిగా లెక్కపెట్టేది వాటాతోనే. వేట ఒడ్డుకి రాగానే ఇసుకలో కుప్పలు పోస్తారు. బోటుకో వాటా, వలకో వాటా, ఇంజనుకో వాటా, సముద్రంలోకి దిగిన ప్రతి మనిషికీ తలా ఒక వాటా. దిగనివాడు సొంత అన్నదమ్ముడైనా సరే, కూరకని నాలుగు చేపలు చేతిలో పెడతారు, అంతే. ఆ నాలుగు చేపలూ పెళ్లయ్యాక కూడా పుచ్చుకున్నాడు లక్ష్ముడు. ఇచ్చేవాళ్లు ప్రేమగానే ఇచ్చేవారు. పుచ్చుకునేవాడికే గొంతు దిగేది కాదు.

చివరికి ఒక చిన్న వ్యాను సంపాదించుకుని చేపలు తోలడం మొదలుపెట్టాడు. పొద్దున్నే గంపలెత్తి, వెనకాల ఆడవాళ్లను కూర్చోబెట్టి, నౌపడ ఉప్పుమళ్ల మీదుగా టెక్కలి సంతకి దింపుతాడు. పని బాగానే సాగింది. ఊళ్లో కుర్రకారు వాడికి 'టైరోడు' అని పేరు పెట్టింది. వాడు నవ్వేసేవాడు. ఇంటికొచ్చాక నవ్వేవాడు కాదని వాడి పెళ్లాం అనిత చెబుతుంది.

ఆ గంపలవాళ్లలో వాడి అప్ప ఈశ్వరి కూడా ఉండేది. తల్లి పోయాక ఈ తమ్ముడిని పెంచింది ఆమే. బోటు మీద నుంచి వాడిని మోసుకొచ్చి ఇసుకలో పడేసినప్పుడు, నలుగురూ చూస్తుండగా చీర కుచ్చెళ్లతో వాడి మూతి తుడిచింది కూడా ఆమే. ఈశ్వరి మొగుడు ఎల్లాజీ. సముద్రంలో పనికి అంత గట్టివాడు చుట్టుపక్కల లేడు గానీ, సొంత బోటూ లేదు, సొంత వలా లేదు. అందుకని చాలామందిలాగే గుజరాత్‌లో వీరావల్ వెళ్లి అక్కడి బోట్ల మీద పనిచేసేవాడు. శ్రావణంలో వెళితే మళ్లీ ఎండలు ముదిరేవరకు రాడు. బావా బావమరుదులకి మాత్రం ఒకరంటే ఒకరికి ప్రాణం. టైరోడు అని పిలవని మగవాడు ఆ ఊళ్లో ఎల్లాజీ ఒక్కడే.

ఆ ఏడు ఎల్లాజీ ప్రయాణానికి ముందు ఇద్దరూ పనిమీద శ్రీకాకుళం వెళ్లారు. ఏడురోడ్ల కూడలి దగ్గర తోపుడుబండి మీద ఫోను సామాన్లు అమ్ముతుంటే, బండిలో సిగరెట్టు అంటించుకునే కన్నంలో గుచ్చే చార్జరు ఒకటి కొన్నాడు లక్ష్ముడు. బొటనవేలంత ఉంటుంది. ముందు వైపు వైరు పెట్టుకోవడానికి రెండు నోళ్లు. ఒకటి జోరుగా ఎక్కిస్తుంది, రెండోది నెమ్మదిగా. గుచ్చగానే చుట్టూ నీలం దీపం వెలుగుతుంది. తిరిగొచ్చేదాకా ఎల్లాజీ ముందు సీట్లో కూర్చుని, తన ఫోను ఒక నోటికీ బావమరిది ఫోను ఇంకో నోటికీ తగిలించి, పాటలు పెట్టుకుని, ఇంక మన ఇళ్లకి కరెంటాఫీసుతో పనిలేదని వేళాకోళం చేశాడు. ఊళ్లో ఉన్న నాలుగు రోజులూ ఫోను అందులోనే చార్జింగు పెట్టుకున్నాడు.

వీరావల్ వెళ్లాక వచ్చిన ఫోన్లలో ఆ వేళాకోళం లేదు. ఈసారి పడ్డ బోటు పాతది. అడుగున చెక్క పుచ్చిపోయి నీరు ఊరుతోంది. పంపు ఒక పూట ఆగితే నిండిపోతుంది. బాగుచేయించమంటే బోటు యజమాని సీజను అయ్యాక చూద్దామంటున్నాడు. పైగా ఎల్లాజీ ఫోను వల లాగుతున్నప్పుడు జేబులోంచి జారి సముద్రంలో పడిపోయింది. అప్పటినుంచి ఒడ్డుకొచ్చినప్పుడు ఎవరిదో ఒకరి ఫోను అడిగి పుచ్చుకుని ఇంటికి చేసేవాడు. ఏ పూట ఏ నంబరు నుంచి వస్తుందో తెలియదు. కాబట్టి ఈశ్వరి తనంత తానుగా చేయడానికి లేదు, అతను చేసినప్పుడు ఎత్తాల్సిందే.

ఆఖరుసారి చేసినప్పుడు అడగవలసిన మాట అడిగేశాడు. మధ్యలో వచ్చేస్తే ఇన్నాళ్ల కష్టం యజమాని చేతిలోనే ఉండిపోతుంది, ఉంటే ప్రాణం గుప్పిట్లో పెట్టుకుని ఉండాలి, నువ్వు రమ్మంటే వచ్చేస్తాను, ఉండమంటే ఉంటాను అన్నాడు. ఈశ్వరికి ఒళ్లు మండింది. ఇంత పెద్ద మాట నా నెత్తిన పెడతావేటి, నీకు బుద్ధి లేదా అని కసిరింది. ఇద్దరూ కాసేపు ఘర్షణ పడ్డారు. దసరాకి ఒడ్డుకొస్తామని, బోటుకి పూజ చేయించుకుని మళ్లీ దిగుతామని, ఆ మధ్యలో చేస్తానని, అప్పటికి ఆలోచించి చెప్పమని పెట్టేశాడు. ఫోను పెట్టేసిన ఘడియకే ఈశ్వరి ఆలోచన అయిపోయింది. వచ్చెయ్యమని చెప్పాలి. గంజి తాగైనా బతుకుదాం, వచ్చెయ్యి అని చెప్పాలి. అక్కడికక్కడే చెప్పనందుకు తన నోరు తానే తిట్టుకుంటూ దసరా కోసం చూసింది.

దసరా కంటే ముందు తిత్లీ వచ్చింది. పేరు చూస్తే సీతాకోకచిలుక, చేసిన పని చూస్తే రాక్షసి. ఊరంతా తుఫాను షెల్టరులో తలదాచుకుని ప్రాణాలు దక్కించుకున్నారు. తెల్లవారి బయటికొచ్చి చూస్తే ఉద్దానం కొబ్బరి చెట్లు నేలకి ఒరిగాయి, జీడితోటలు వేళ్లతో సహా లేచిపోయాయి, కరెంటు స్తంభాలు నడుములు విరిగి పడున్నాయి. ఒడ్డున కట్టిన బోట్లు ఒకదాని మీదొకటి ఎక్కి చితికిపోయాయి. ఈశ్వరి ఇంటి కప్పు కనిపించనే లేదు. గోడల మీద టార్పాలిన్ కట్టుకుని పిల్లతో అందులోనే ఉంది. లక్ష్ముడి ఫోను నీళ్లలో నానిపోయి మరి పనికిరాకుండా పోయింది. బండి మాత్రం షెల్టరు గోడ చాటున ఉండటంతో ఒక అద్దం పగలడంతో సరిపెట్టుకుంది.

కొన్నాళ్లకి సెల్ టవరుకి జనరేటరు పెట్టారు. సిగ్నలు వచ్చింది, ఫోన్లలో ప్రాణం లేదు. ఊళ్లో కరెంటు ఎప్పటికొస్తుందో చెప్పే నాథుడు లేడు. అప్పుడు గుర్తొచ్చింది అందరికీ లక్ష్ముడి బండిలో వెలిగే ఆ నీలం దీపం. పొద్దున్న లేచేసరికి బండి చుట్టూ జనం. ఎవరి వైరు వాళ్లు పట్టుకొచ్చారు. ఒకడు పెట్టిన ఫోను ఇంకొకడు పీకడం, వాడి మీద వీడు పడటం, మధ్యలో ఒకరి ఫోను కిందపడి అద్దం పగలడం. ఇంజను ఆడిస్తే తప్ప బ్యాటరీ నిలవదు, ఆడించడానికి బండిలో డీజిలు లేదు, టెక్కలి దారి చెట్లు పడి మూసుకుపోయింది.

ఆ గోల విని ఊరిపెద్ద ఎర్రన్న వచ్చాడు. ఎర్రన్న మాటంటే ఊరికి గౌరవం, అది ఊరికే వచ్చింది కాదు. తన కొడుకైనా సరే తప్పు చేస్తే పదిమందిలో నిలబెట్టి అడిగే మనిషి. ఆయన వచ్చి, కొట్టుకోవడం ఎందుకు, వేట ఎలా పంచుకుంటామో దీన్నీ అలాగే పంచుకుందామన్నాడు. చితికిన బోట్లలో మిగిలిన డీజిలు ప్రతి బోటువాళ్లూ కొంచెం తెచ్చి బండికి పోయాలి. జోరుగా ఎక్కించే పెద్ద నోరు బోటు యజమానులకి, చిన్న నోరు బోట్ల మీద వేటకెళ్లే మనుషులకి. ఏ బోటు తర్వాత ఏ బోటో వంతులు పెట్టి తేల్చేశారు. అంతా అయ్యాక ఎర్రన్న లక్ష్ముడి భుజం మీద చెయ్యేసి, బోటుకి వాటా ఉన్నప్పుడు బండికి మాత్రం ఎందుకుండదు, పొద్దు వాలే వేళ ఒక వాటా బండిది, అది లక్ష్ముడి ఇష్టం అన్నాడు.

కొట్టుకున్నవాళ్లు నోరెత్తకుండా వరసలో కూర్చున్నారు. వేరే ఊళ్లలో ఫోనుకింత అని గుంజుకున్నారట, ఇక్కడ పైసా పుచ్చుకోలేదు. ఇంత న్యాయంగా ఎక్కడా జరిగి ఉండదు. న్యాయంగా జరిగిందే, అదే కడుపుమంట. వేటని పంచే పద్ధతిలో కరెంటుని పంచితే, బోటు లేని ఇంటికి ఏం మిగులుతుందో ఎవరికీ తట్టలేదు. మొగుడు పోయినవాళ్లు, కొడుకులు లేని ముసలివాళ్లు, గుజరాత్ వెళ్లినవాళ్ల పెళ్లాలు, వీళ్లెవరూ ఆ లెక్కలో లేరు. కావాలని తీసేయలేదు. మొదటినుంచీ ఆ లెక్కలో వాళ్లు లేరు, ఎప్పటిలాగే ఇప్పుడూ లేరు.

లక్ష్ముడి సంగతి చూడండి. పుట్టి బుద్ధెరిగాక ఆ ఊళ్లో వాడి పేరున ఒక వాటా పడటం అదే మొదలు. ఇంటికెళ్లి అనితతో చెప్పాడు. ఏదో పొలం రాసిచ్చినట్టు చెబుతున్నావేమిటని ఆవిడ నవ్వింది. వాడు నవ్వలేదు. మర్నాటినుంచి బండి స్టీరింగు దగ్గర నిటారుగా కూర్చోవడం మొదలుపెట్టాడు. వచ్చినవాళ్లు టైరోడనడం మానేసి, బండి యజమానీ అని పిలుస్తుంటే విననట్టు మొహం పెట్టేవాడు, రెండోసారి పిలిపించుకోవడానికి.

ఈశ్వరి ఆ వరస దగ్గరికి రాలేదు. వస్తే ఏ బోటు అని అడుగుతారు, ఏం చెబుతుంది. ముందు ఎర్రన్న కోడలి ఫోనులో తన సిమ్ము వేసి చూద్దామని వెళ్లింది. ఆవిడది టచ్ ఫోను, ఈశ్వరిది బొత్తాల ఫోనులో వేసే పాతకాలపు పెద్ద సిమ్ము, పట్టలేదు. బొత్తాల ఫోన్లున్నవాళ్లంతా వాళ్ల ఫోన్ల కోసమే ఎదురుచూస్తున్నారు. పోనీ టెక్కలి నడిచి వెళదామంటే పిల్ల జ్వరంతో మూలుగుతోంది. దసరా ముందురోజు పొద్దున్న తమ్ముడి ఇంటికి వచ్చి ఫోను వాడి చేతిలో పెట్టింది.

"ఒరే, రేపే పండగ. మీ బావ ఒడ్డుకొచ్చుంటాడు. ఇయ్యాలో రేపో సేస్తాడు. రమ్మని సెప్పాల్రా. సెప్పకపోతే మల్లీ ఆ బోటే ఎక్కుతాడు," అంది.

లక్ష్ముడికి బోటు సంగతి తెలుసు. పుచ్చిన అడుగు సంగతీ తెలుసు. సాయంత్రం తన వాటాలో పెడతానన్నాడు. బొత్తాల ఫోనుకి ఎంతసేపు కావాలి, అన్నం తిన్నంతసేపు చాలు. ఇంకెవరినీ అడగక్కర్లేదు, ఎవరి వాటానీ తినక్కర్లేదు. ఈశ్వరి కాస్త కుదుటపడి, పిల్ల దగ్గరికి వెళ్లిపోయింది. వాడు ఆ ఫోనుని స్టీరింగు ముందు అర మీద పెట్టుకుని బండిని వరస దగ్గరికి తోలాడు.

పొద్దు వాలింది. బండి వాటా వేళ అయింది. లక్ష్ముడు పెద్ద నోటి వైరు తీసి ఈశ్వరి ఫోనుకి గుచ్చబోతున్నాడు. అప్పుడొచ్చాడు ధనరాజ్. ఎర్రన్న కొడుకు, రెండు బోట్ల యజమాని. చిన్నప్పుడు లక్ష్ముడు వాంతి చేసుకున్న బోటు వాళ్లదే. వెంట పదిమంది ఉన్నారు. దెబ్బతిన్న బోట్ల ఫోటోలు ఈ పూటే పంపాలని పైనుంచి కబురొచ్చిందట. పంపకపోతే సాయం జాబితాలో బోట్లు ఎక్కవట. తన ఫోను రోజంతా ఫోటోలు తీసి తీసి చచ్చిపోయింది, చిన్న నోట్లో ఉన్న ఫోను వేరేవాళ్లది, దాన్నీ ఇదే పనికి పెట్టారు. కుండబద్దలు కొట్టినట్టు అడిగేశాడు.

"బండి యజమానీ, నీ వాటా ఇయ్యాలికి ఊరికియ్యి. నీ ఇష్టమే, బలవంతమేటీ లేదు," అన్నాడు.

బలవంతం లేదు, నిజమే. పక్కన నిలబడ్డ పదిమందీ వాడి మొహం వైపు చూస్తున్నారు. ఇది మా అప్పది, మా బావ ఫోను వస్తుంది, కాసేపు పెట్టి ఇస్తాను అంటే అయిపోయేది. ధనరాజ్ కాదనడు, అక్కడున్నవాళ్లెవరూ కాదనరు. ఆ మాట అనడానికి నోట్లో ముత్యాలేమీ రాలవు. కానీ లక్ష్ముడికి ఏమనిపించిందంటే, ఆ మాటంటే మళ్లీ టైరోడైపోతాను, ఊరి పనికి అడ్డం పడ్డవాడినైపోతాను, వలవేయకుండా బోటు తిప్పించినవాడే మళ్లీ తిప్పించాడంటారు. చేతిలో ఉన్న వైరు ధనరాజ్‌కిచ్చేశాడు. ధనరాజ్ వాడి వీపు తట్టి, ఇలాంటివాడు ఊరికొక్కడుంటే చాలన్నాడు. ఈశ్వరి ఫోను అర మీదే ఉండిపోయింది. ఫోటోలన్నీ వెళ్లేసరికి బాగా రాత్రయింది, ఇంజను ఆపేశారు. తెల్లారాక పెట్టి ఇచ్చేస్తే సరి అనుకున్నాడు లక్ష్ముడు.

ఇంటికి పోయే దారిలో ఈశ్వరి ఎదురొచ్చి ఫోను అడిగింది. ఇంకా కొంచెం ఎక్కాలి, పొద్దున్నే ఇస్తానన్నాడు. ఫోను వచ్చిందా అని అడిగింది. రాలేదన్నాడు. చచ్చిన ఫోనుకి ఎలా వస్తుంది గనక, అది అబద్ధం కాదని తనకి తాను చెప్పుకున్నాడు.

మర్నాడు జనం రాకముందే ఆ ఫోను పెట్టాడు. తెర వెలగగానే టింగుమని మెసేజీలు దిగాయి. ముందురోజు సాయంత్రం నుంచి ఒకే నంబరు నుంచి వరసగా చేసిన కాల్సు. ఫోను పట్టుకుని అప్ప దగ్గరికి పరిగెత్తాడు. ఇద్దరూ కలిసి ఆ నంబరుకి చేశారు, మళ్లీ చేశారు. మనిషి అందుబాటులో లేడన్న మాటే వినిపించింది. పూజ పెందలాడే అయిపోయుంటుంది, బోటు దిగిపోయుంటుంది. ఈశ్వరి ఫోను వైపూ తమ్ముడి వైపూ చూసింది.

"నిన్న నువ్వు సార్జింగు పెట్నేదేట్రా?" అని అడిగింది.

"పెట్టానప్పా. సిగ్నలు పోయుంటాది," అన్నాడు లక్ష్ముడు.

అదీ అబద్ధం. అంత సులువుగా ఎలా వచ్చిందో వాడికే తెలియదు. ఈశ్వరి నమ్మింది. తమ్ముడిని నమ్మక ఎవరిని నమ్ముతుంది. టవరుని తిట్టింది, తుఫానుని తిట్టింది, తన రాతని తిట్టుకుంది. లక్ష్ముడు పక్కన కూర్చుని ఆమెతోపాటు టవరుని తిట్టాడు.

వీరావల్ దగ్గర బోటు మునిగిందన్న కబురు వచ్చేటప్పటికి ఊళ్లో కరెంటు వచ్చింది. పంపు ఆగిపోయిందట. ఏమైందో చూడటానికి అడుగుకి దిగినవాడు ఎల్లాజీ. మిగిలినవాళ్లు డబ్బాలు పట్టుకుని తేలితే వేరే బోటువాళ్లు వచ్చి ఎక్కించుకున్నారు. ఎల్లాజీ దొరకలేదు. శవం కూడా దొరకలేదు కాబట్టి ఈశ్వరి చాలా రోజులు గాజులు తీయనివ్వలేదు. వీరావల్‌లో యజమాని లెక్క సరిచూసి ఇచ్చిన డబ్బు సంచీ పట్టుకుని విజయనగరం జిల్లా చింతపల్లి మనిషి జగన్నాధం వచ్చినప్పుడు తీసింది. అతను ఎల్లాజీతో అదే బోటు మీద ఉన్నవాడు.

జగన్నాధం మంచివాడు. మంచివాడు కాబట్టే ఉన్నదున్నట్టు చెప్పాడు. దసరా ముందురోజు సాయంత్రం రేవులో కూర్చుని ఎల్లాజీ చేసింది అతని ఫోనుతోనే. చీకటి పడేదాకా చేస్తూనే ఉన్నాడు, స్విచ్ఛాఫ్ అనే వస్తోంది. తుఫాను కదా, కరెంటు ఉండదు, కంగారు పడకని జగన్నాధం సర్దిచెప్పబోయాడు. ఆపైన ఎల్లాజీ అన్న మాట కూడా, తల దించుకునే చెప్పాడు.

"'కరెంటు లేకపోతే ఏటి? మా బావమరిది బండిలో సార్జరున్నాది, రెండు నోల్లది. ఊల్లో ఎవలి ఫోను ఎలక్కపోయినా మా ఇంటి ఫోను ఎలుగుతాది. ఆపేసుకున్నాదంటే దానికి నా మీద కోపం పోనేదు. రావొద్దనే కదా' అన్నాడమ్మా. పోనీలే, ఈ పాలికి ఎల్లొచ్చేద్దామని బోటెక్కాడు."

ఈశ్వరి ఏడవలేదు. ఆ ముక్కూ మొహం తెలియని మనిషి రెండు చేతులూ పట్టుకుని, నేను ఆపలేదు బాబూ, నేను ఆపలేదు, నీకు తెలుసు కదా నేను ఆపలేదని, అని అదే మాట చెబుతూనే ఉంది. అతనికి చెబితే ఎల్లాజీకి చేరుతుందన్నట్టు చెప్పింది. జగన్నాధం అలాగేనమ్మా, అలాగే అంటూ కళ్లు తుడుచుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ లక్ష్ముడు అప్పుడైనా నోరు విప్పాలి. విప్పలేదు. వాడిని తిట్టడానికి ఎన్ని మాటలు వెతికినా చాలవు గానీ, ఆ గుమ్మంలో వాడు ఉండలేకపోయాడన్నది కూడా నిజం. బయటికెళ్లి గోడవారన వాంతి చేసుకున్నాడు, నేల మీదే.

పదకొండో రోజు అయ్యాక ఊరిపెద్దలు ఈశ్వరి ఇంటికి వచ్చారు. ఎర్రన్న, ధనరాజ్, ఇంకో నలుగురు. చాప మీద కూర్చున్నారు. లక్ష్ముడు మంచినీళ్లు తెచ్చి ఒక పక్కన నిలబడ్డాడు. ఎర్రన్న కాసేపు మంచీ చెడూ మాట్లాడి వచ్చిన పని చెప్పాడు. బోట్లు బాగవుతున్నాయి. వేట మొదలవగానే ప్రతి బోటు నుంచీ ఈశ్వరికి ఒక మనిషి వాటా ఇవ్వాలని తీర్మానించారు. పిల్ల పెద్దదయ్యేదాకా ఇస్తారు. ఆ ఊళ్లో సముద్రంలోకి దిగని ఇంటికి వాటా రాయడం ఎప్పుడూ లేదు. ఆ విషయం ఎర్రన్నే చెప్పాడు. ఎందుకు రాశారో కూడా, లక్ష్ముడి వైపు మెచ్చుకోలుగా చూస్తూ చెప్పాడు.

"మీ తమ్ముడు సేసిన మేలమ్మా ఇది. దసరా ముందునాటి సాయంత్రం తన వాటా ఒగ్గుకుని ధనరాజు ఫోనుకి ఇచ్చినాడు. ఫొటోలు ఎల్లినాయి, బోట్లన్నీ సాయంలో ఎక్కినాయి. ఆ మాట ఊరు మర్సిపోతాదా?"

ధనరాజ్ అవునవునన్నాడు. లక్ష్ముడు తన ఫోను ఏదో చార్జింగు పెట్టుకోబోతూ కూడా, అడగ్గానే వైరు తీసి ఇచ్చేశాడని మరొక మాట కలిపాడు. లక్ష్ముడి సొంత ఫోను తుఫానులోనే పాడైపోయిందన్న సంగతి ధనరాజ్‌కి తెలియదు. ఈశ్వరికి తెలుసు.

ఆమె చాలాసేపు తమ్ముడి వైపు చూసింది. కోపంగా చూసిందంటే సులువుగా ఉండేది, అలా చూడలేదు. వాడెవరో గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది. పెట్టానని చెప్పావు కదా అని కూడా అడగలేదు. వాడు అప్పా అన్నాడు. ఏం జరిగిందో తెలియక పెద్దలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. ఈశ్వరి కొంగు సర్దుకుని ఎర్రన్న వైపు తిరిగింది.

"వాటా పంపండి మావా. పిల్ల తినాల గదా. ఈడి సేత్తో మాత్రం పంపకండి," అంది.

వేట మొదలయ్యాక మాట ప్రకారం వాటా పంపారు. ఎర్రన్న కోడలు గంపలో తెచ్చి గుమ్మంలో పెట్టి వెళుతుంది. ఒడ్డున కుప్పలు పోసేటప్పుడు బండికని ఒక కుప్ప ఇప్పుడు విడిగా తీస్తున్నారు. బండి యజమానీ అని పిలిచి మరీ ఇస్తారు. లక్ష్ముడు వద్దనలేదు. వద్దంటే ఎందుకో చెప్పాలి. పొద్దున్నే గంపల ఆడవాళ్లను ఎక్కించుకుని నౌపడ దారిన పోతుంటే, ఉప్పుమళ్ల గట్టు మీద గంప నెత్తిన పెట్టుకుని ఈశ్వరి నడిచి వెళుతూ ఉంటుంది. మొదట్లో బండి నెమ్మది చేసి హారను కొట్టేవాడు. ఇప్పుడు కొట్టడు, తిన్నగా పోనిస్తాడు.